మాట వెనుక నారుమడి: ‘క్వేకన్’ గురించి పాఠకుల ప్రశ్నలు

గత సంచికలో డచ్చి భాషలోని ‘క్వేకన్’ అనే క్రియను ప్రస్తావించి, అదే మాట దక్షిణాఫ్రికాలోని ఆఫ్రికాన్స్ భాషలో ‘క్వియెక్’గా నిలిచిందని, దానికి తెలుగులో ఒక్కమాటతో అర్థం చెప్పడం కష్టమని ఒకే వాక్యంలో ముగించాము. అంత తేలికగా వదిలేయడం చాలామంది పాఠకులకు నచ్చలేదు. వచ్చిన ఉత్తరాలలో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము. డచ్చి, ఆఫ్రికాన్స్ ఉచ్చారణలను తెలుగు లిపిలో సాధ్యమైనంత దగ్గరగా రాశాము.

ప్రశ్న: డచ్చి నర్సరీల జాబితాలను తెలుగులోకి మార్చే పని చేస్తున్నాను. ‘క్వేకన్’ అనే మాట ఒకచోట మొక్కలు పెంచడం అనే అర్థంలోను, మరొకచోట కొత్త రకాన్ని సృష్టించడం అనే అర్థంలోను, ఇంకొకచోట ఆల్చిప్పల విషయంలోను కనిపిస్తోంది. నిఘంటువు చూస్తే సాగు, పెంపకం, సంకరం అన్నీ ఇస్తోంది. వీటిలో దేనిని పట్టుకోవాలి?

జవాబు: నిఘంటువు ఇచ్చిన అర్థాలలో తప్పేమీ లేదు. కానీ వాటిని పక్కపక్కన పేర్చినంత మాత్రాన మాట తత్త్వం బోధపడదు. ఇటువంటి సందర్భాలలో ఆ భాషవారు ఏ మాటను ఎక్కడ వాడరో గమనించడం ఎక్కువ ఉపయోగకరం.

డచ్చి భాషలో జీవులను వృద్ధి చేసే పనికి ఒకటి కాదు, కనీసం నాలుగైదు క్రియలు ఉన్నాయి. పొలంలో గోధుమ, బంగాళదుంప వంటివి వేసి పంట తీయడాన్ని ‘టేలన్’ అనీ ‘ఫర్‌బౌవన్’ అనీ అంటారు (ఈ రెండో మాటకు ఇంటిని మార్చి కట్టుకోవడం అనే అర్థం కూడా ఉండడం విదేశీయులకు తమాషాగా తోస్తుంది). గుర్రాలు, పశువులు, కుక్కలను జత కట్టించి సంతతిని పెంచే పని ‘ఫొకన్’. ఆ పని చేసేవాడు ‘ఫొకర్’. విమానాల తయారీతో ప్రసిద్ధుడైన ఆంథొనీ ఫొకర్ ఇంటిపేరు ఈ మాటే. ఉన్న రకాన్ని శాస్త్రీయంగా మెరుగుపరచడం ‘ఫర్‌ఎడలన్’, అంటే అక్షరాలా శ్రేష్ఠంగా మార్చడం. ఇన్ని మాటలుండగా ‘క్వేకన్’కు మిగిలినదేమిటి? నర్సరీలో మొలక నుంచి మొక్కను తయారుచేయడం, చెరువులో చేపపిల్లలను పెంచడం, సముద్రపు పాయలో ఆల్చిప్పలను పెంచడం, పంజరంలో కెనరీ పక్షుల సంతతిని పెంచడం, గాజు పళ్లెంలో సూక్ష్మజీవులను వృద్ధి చేయడం దానికి మిగిలాయి. రోగి నుంచి తీసిన నమూనాను మన వైద్యులు ‘కల్చర్‌కు పంపించాము’ అన్నట్లే డచ్చి వైద్యులు దానిని ‘క్వేక్’ మీద పెట్టామంటారు.

వీటన్నింటిలో ఉమ్మడిగా ఉన్న అంశం పంట కాదు. మనిషి కట్టిన ఒక ఆశ్రయం, అందులో ఇంకా తనంతట తాను బతకలేని లేత జీవం, దానిని కనిపెట్టుకుని ఉండే ఒక చెయ్యి, ఈ మూడూ ఉన్నచోట డచ్చివాడి నోట ‘క్వేకన్’ వస్తుంది. అందువల్ల తెలుగు రైతు మాటల్లో దీనికి అతి దగ్గరిది నారుమడి అని నా అభిప్రాయం. పొలం వేరు, నారుమడి వేరు. నారు పోసినప్పుడు మనసు కోత మీద కాక మొలక మీద ఉంటుంది. క్రియగా రాయవలసి వచ్చినప్పుడు ‘పెంచు’ చాలావరకు సరిపోతుంది. ‘పండించు’ మాత్రం దాదాపు ఎప్పుడూ సరిపోదు, ఎందుకంటే అందులో ఫలం చేతికి రావడం ఇమిడి ఉంది.

నెదర్లాండ్స్‌లోని బోస్కోప్ అనే ఊరు దీనికి మంచి ఉదాహరణ. దక్షిణ హాలండ్‌లో పీట్ నేల (కుళ్లిన మొక్కలతో ఏర్పడిన తడి నేల) మీద, కాలువల మధ్య సన్నని పొడవాటి మడులుగా చీలిన ఆ ఊరు శతాబ్దాలుగా చెట్ల నర్సరీలకు పేరుపొందింది. అక్కడి తోటను ‘బోమ్‌క్వేకరై’ అంటారు. ‘బోమ్’ అంటే చెట్టు, ‘క్వేకరై’ అంటే పెంచే చోటు. కానీ ఆ ఊళ్లో పెరిగిన చెట్టు ఆ ఊళ్లో ఉండదు. కొన్నేళ్లు పెరిగిన తరువాత వేళ్ల చుట్టూ మట్టిగడ్డతో సహా తవ్వి, ఎక్కడి వీధికో ఎవరి తోటకో పంపిస్తారు. పెంచినవాడు దాని నీడలో కూర్చోడు. 1856లో అదే ఊళ్లో ఓటొలాండర్ అనే నర్సరీ యజమాని గుర్తించిన ఒక ఆపిల్ రకం ‘బోస్కోప్ సుందరి’ అనే అర్థం వచ్చే పేరుతో ఐరోపా అంతటా వ్యాపించింది.

ఆల్చిప్పల సంగతి ఇంకా ఆసక్తికరం. జేలండ్ రాష్ట్రంలో యర్సెకె అనే రేవు ఊరు ఆల్చిప్పలకు, మసెల్ అనే నల్లని గుల్లలకు కేంద్రం. అక్కడ బాల్యదశలో ఉన్న మసెల్ గుల్లలను ‘మసెల్ విత్తనం’ అనే పిలుస్తారు. వాటిని సముద్రంలో పట్టి, తమకు కేటాయించిన నీటి అడుగు మడులలో చల్లి, కొంత ఎదిగాక మరో మడికి మార్చి, తగిన పరిమాణానికి వచ్చాక తీసి అమ్ముతారు. విత్తనం, మడి, చల్లడం, మార్చి నాటడం అనే ఈ మాటలన్నీ వ్యవసాయానివే. అక్కడ పెరిగేది మొక్కా జంతువా అన్న భేదాన్ని ఆ భాష పట్టించుకోలేదు. పని తీరును చూసి మాటను నిర్ణయించింది.

ఒక జాగ్రత్త చెప్పాలి. నేను పైన గీసిన హద్దులు నెదర్లాండ్స్ డచ్చికి వర్తిస్తాయి. సరిహద్దు దాటి బెల్జియంలోని ఫ్లాండర్స్‌కు వెళితే అక్కడ కుక్కలను, పశువులను పెంచేవారిని కూడా ‘క్వేకర్’ అనే అంటారు. మీ జాబితా ఏ దేశంలో అచ్చయిందో ముందుగా చూసుకోండి.

ప్రశ్న: ఈ మాటకు సంస్కృతంతో చుట్టరికం ఉందని ఎక్కడో విన్నాను. ఇది నిజమేనా, లేక ప్రతి మాటనూ సంస్కృతానికి ముడిపెట్టే అలవాటేనా?

జవాబు: మీ అనుమానం ఆరోగ్యకరమైనదే గాని ఈసారి చుట్టరికం నిజం. అయితే డచ్చి మాట సంస్కృతం నుంచి రాలేదు. రెండూ ఒకే ఇండో-యూరోపియన్ ధాతువు నుంచి వేరువేరుగా వచ్చాయి. బతికి ఉన్న అనే అర్థం గల ఆ ధాతువు సంస్కృతంలో ‘జీవ’ అయింది, లాటిన్‌లో ‘వీవుస్’ అయింది, గ్రీకులో ‘బియోస్’ అయింది, జర్మానిక్ భాషలలో ‘క్విక్’ వంటి రూపం దాల్చింది. ఇంగ్లీషులో ఈనాడు వేగంగా అనే అర్థంలో వాడే ‘క్విక్’ అనే మాటకు ఒకప్పటి అర్థం సజీవం అన్నదే. డచ్చిలో పాదరసాన్ని ‘క్విక్’ అంటారు, పళ్లెంలో పోస్తే ప్రాణమున్నదానిలా పరుగెత్తుతుంది కాబట్టి. అలసినవారికి ప్రాణం లేచివచ్చేలా సేదదీర్చడం ‘ఫర్‌క్వికన్’. ఈ కుటుంబంలోనిదే ‘క్వేకన్’ కూడా. కాబట్టి మూలార్థాన్ని పట్టి చెప్పాలంటే పెంచడం కన్నా బతికించడం దగ్గరగా ఉంటుంది. మనం ‘జీవం పోశాడు’ అన్నప్పుడు తెలియకుండానే దాని దూరపు బంధువును వాడుతున్నాము.

ప్రశ్న: ఒక పాత డచ్చి ఛాయాచిత్రంలో పెద్ద భవనం, దాని మీద ‘క్వేక్‌స్ఖోల్’ అన్న అక్షరాలు, ముందు వరుసలలో నిలబడిన యువతీయువకులు ఉన్నారు. ఇది తోటపని నేర్పే బడి అయి ఉంటుందా?

జవాబు: కాదు. అది ఉపాధ్యాయులను తయారుచేసే విద్యాలయం. ‘స్ఖోల్’ అంటే బడి కాబట్టి మీ ఊహ సహజమైనదే, కానీ ఇక్కడ నారుమడిలో పోసిన నారు మనుషులు. ప్రభుత్వ ఉపాధ్యాయ క్వేక్‌స్ఖోల్ 1816లో హార్లెమ్‌లో మొదలైంది. అంతకు ముందే, 1785లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో నావికులను తయారుచేసే క్వేక్‌స్ఖోల్ ఏర్పడింది. ఇటువంటి బడిలో శిక్షణ పొందుతున్న యువకుడిని ‘క్వేకెలింగ్’ అనేవారు, అంటే పెంచబడుతున్నవాడు. ఈ పేరులో కొంత చులకన ఉన్నట్టు ఈనాటి చెవికి వినిపించవచ్చు గాని, ఆ కాలంలో అది మామూలు మాట. విద్యావ్యవస్థను తిరగరాసిన చట్టం 1968లో అమలైనప్పుడు ఈ విద్యాలయాలకు కొత్త పేరు వచ్చింది. 1984 నుంచి వాటిని ‘పాబో’ అనే సంక్షిప్త నామంతో పిలుస్తున్నారు. పాత తరంవారి నోట మాత్రం క్వేక్‌స్ఖోల్ అన్న మాట చాలాకాలం నిలిచింది.

ఆ పేరు గల ఒక భవనం గురించి చెప్పకుండా ముందుకు పోలేను. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ ఆక్రమణదారులు ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఒక నాటకశాలను యూదులను బంధించి శిబిరాలకు పంపే చోటుగా మార్చారు. అక్కడికి తెచ్చిన కుటుంబాలలోని చిన్నపిల్లలను వీధికి అవతలి వైపున్న శిశుసంరక్షణ కేంద్రంలో విడిగా ఉంచేవారు. ఆ కేంద్రానికి పెరటి వైపు కంచె పంచుకుంటూ ఉన్నది ఒక ప్రొటెస్టెంటు క్వేక్‌స్ఖోల్. దాని అధిపతి యోహాన్ ఫాన్ హుల్స్ట్. 1943లో శిశుకేంద్రాన్ని నడిపే హెన్రియెట్ పిమెంటెల్, నాటకశాలలో పనిచేసిన వాల్టర్ జ్యూస్కింట్, ఫాన్ హుల్స్ట్, ఇంకా ఎందరో సాహసికులు కలిసి, కంచె మీదుగా అందుకున్న పిల్లలను బుట్టలలోను సంచులలోను దాచి బయటకు చేరవేశారు. ఆ విధంగా దాదాపు 600 మంది పిల్లలు బతికారు. పిమెంటెల్, జ్యూస్కింట్ ఇద్దరూ యూదులే; యుద్ధం ముగిసేదాకా వారు బతకలేదు. ఫాన్ హుల్స్ట్ మాత్రం 107 ఏళ్లు జీవించి 2018లో మరణించాడు. పూర్వపు ఆ క్వేక్‌స్ఖోల్ భవనంలోనే 2024లో నెదర్లాండ్స్ జాతీయ హోలోకాస్ట్ మ్యూజియం తెరుచుకుంది. మీ ఛాయాచిత్రం ఏ ఊరిదో తెలియదు గాని, ఆ అక్షరాల వెనుక ఇటువంటి చరిత్ర కూడా ఉందని గుర్తుంచుకోవడం మంచిది.

ప్రశ్న: ఆఫ్రికాన్స్ కూడా డచ్చి నుంచి పుట్టిందే కదా. మరి అక్కడ ‘క్వియెక్’ అంటే గడ్డి అని ఒక మిత్రుడు వాదిస్తున్నాడు. గడ్డికీ పెంపకానికీ సంబంధమేమిటి?

జవాబు: మీ మిత్రుడు సగం గెలిచాడు. ఆఫ్రికాన్స్‌లో ‘క్వియెక్’ క్రియగా పెంచడం, నామవాచకంగా ఒక గడ్డి పేరు. ఆ గడ్డి మరేదో కాదు, మనం గరిక అని పిలిచేదే. వృక్షశాస్త్రంలో దాని పేరు సైనొడాన్ డాక్టిలాన్. నెదర్లాండ్స్‌లో ఇదే పేరుతో పిలిచే గడ్డి జాతి వేరు. అయితే ఆ రెండు గడ్డులకూ ఉమ్మడి లక్షణం ఒకటుంది. నేలలో పాకే కాండపు ముక్క ఒక్క కణుపంత మిగిలినా మళ్లీ మొలుచుకొస్తాయి. చంపినా చావని గడ్డి కాబట్టి ప్రాణమున్న గడ్డి అని పేరు పెట్టారు; ఇంగ్లీషువారి ‘కౌచ్’ గడ్డి పేరు కూడా ఈ మూలం నుంచే వచ్చింది. కొత్త నేల మీదికి చేరినవారు పాత పేరును దానిని పోలిన మొక్కకు తగిలించడం లోకంలో ఉన్నదే. ఎవరూ పెంచనక్కరలేకుండా పెరిగే గడ్డికీ, కనిపెట్టుకుని ఉంటే తప్ప పెరగని నారుకీ ఒకే మాట నుంచి పేర్లు రావడం చూస్తే, పేరు పెట్టినవారి చూపు మనిషి శ్రమ మీద కాక లోపలి ప్రాణం మీద ఉన్నదని స్పష్టమవుతుంది.

ఇక క్రియ సంగతి. ఈ మాట ఆఫ్రికా కొసకు వెళ్లింది తోటమాలులతోనే అనడం అతిశయోక్తి కాదు. 1652లో డచ్చి ఈస్టిండియా కంపెనీ తరఫున యాన్ ఫాన్ రీబేక్ కేప్‌లో దిగింది రాజ్యం స్థాపించడానికి కాదు. తూర్పు దేశాలకు పోయివచ్చే నౌకలకు తాజా కూరగాయలు, నీరు, మాంసం అందించే మజిలీ ఏర్పాటు చేయడానికి. దిగిన ఏడాదే కంపెనీ తోట మొదలైంది. ఆ తోటకు పెద్ద తోటమాలి పేరు హెండ్రిక్ బోమ్. ‘బోమ్’ అంటే చెట్టు అని పైన చెప్పాను కదా! ఆ తోటలో కొంత భాగం నేటికీ కేప్‌టౌన్ నడిబొడ్డున ఉన్నది.

కాలక్రమంలో డచ్చి క్రియల చివరి ‘అన్’ ప్రత్యయం ఆఫ్రికాన్స్‌లో రాలిపోయి, ‘క్వేకన్’ కాస్తా ‘క్వియెక్’గా మిగిలింది. రూపంతో పాటు అర్థపు సరిహద్దులు కూడా జరిగాయి. అనువాదకులు పొరపడేది ఇక్కడే. డచ్చిలో ‘టేలన్’ అంటే పొలంలో పంట పండించడం. ఆఫ్రికాన్స్‌లో దాని రూపమైన ‘టియెల్’ అంటే జతకట్టించి కొత్త సంతతిని, కొత్త రకాన్ని తీయడం. డచ్చి చట్టం కొత్త రకాన్ని సృష్టించినవాడిని ‘క్వేకర్’ అంటుంది. దక్షిణాఫ్రికా 1976లో చేసిన చట్టపు ఆఫ్రికాన్స్ పేరులో అదే మనిషిని ‘ప్లాంట్‌టియెలర్’ అన్నారు. అంటే అన్నదమ్ముల వంటి రెండు భాషలు ఒకే జత మాటలను ఇంచుమించు తారుమారు చేసుకున్నాయి. ఒక భాష తెలిసినవాడు రెండో భాష తనకు తెలిసినట్టే అనుకోవడం ఎంత ప్రమాదమో దీనివల్ల తెలుస్తుంది. మొదట్లో నేను కూడా ఈ గుంటలో పడినవాడినే.

ఆఫ్రికాన్స్‌లో ఈ తేడాను ఒక ద్రాక్ష కథతో గుర్తుపెట్టుకోవచ్చు. 1925లో స్టెలెన్‌బోష్ విశ్వవిద్యాలయంలో ద్రాక్ష సాగు ఆచార్యుడు ఆబ్రహాం పెరోల్డ్, పీనో న్వార్ అనే రకాన్ని, అప్పట్లో అక్కడ హెర్మిటేజ్ అని పిలిచే సాన్సో అనే రకంతో సంకరం చేశాడు. ఇది ‘టియెల్’. ఆ సంకరం నుంచి దక్కిన నాలుగే నాలుగు గింజలను వెల్‌గెవాలెన్ ప్రయోగక్షేత్రంలోని తన నివాసపు పెరట్లో నాటాడు. ఇది ‘క్వియెక్’. 1927లో ఆయన వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాడు, పెరట్లో కలుపు కమ్ముకుంది. శుభ్రం చేయడానికి పనివారు వచ్చిన సమయానికి, ఆ గింజల సంగతి తెలిసిన చార్లీ నీహౌస్ అనే యువ అధ్యాపకుడు అటుగా రావడంతో నాలుగు మొక్కలూ దక్కాయి. వాటిని ఎల్సెన్‌బర్గ్ వ్యవసాయ కళాశాలకు తరలించారు. పీనో, హెర్మిటేజ్ అనే పేర్లు కలిపి దానికి పినొటాజ్ అని పేరు పెట్టారు. ఈనాడు దక్షిణాఫ్రికా వైన్‌కు గుర్తింపు తెచ్చిన ద్రాక్ష అదే. సంకరం చేసినవాడికి దక్కవలసిన పేరు దక్కింది గాని, గింజ నుంచి మొక్క దాకా కాపాడడమే అక్కడ అసలు గండం అని నాకనిపిస్తుంది. అన్నట్టు, ఆఫ్రికాన్స్‌కు అధికారభాష హోదా చట్టంగా వచ్చింది కూడా 1925లోనే.

ఆఫ్రికాన్స్‌లో ‘క్వియెక్‌హేస్’ అంటే గాజు పందిరి వేసిన పెంపకపు ఇల్లు. అందుచేత భూతాపానికి కారణమయ్యే వాయువులను వారు ‘క్వియెక్‌హేస్’ వాయువులు అంటారు. నెదర్లాండ్స్‌లో ఆ స్థానంలో పొదిగే గది అనే అర్థం వచ్చే మాట ఉంది. అలాగే ఆఫ్రికాన్స్‌లో ‘క్వియెక్‌స్కోల్’ అంటే ఉపాధ్యాయుల బడి కాదు, ముఖ్యంగా మతాచార్యులను తయారుచేసే విద్యాలయం. స్టెలెన్‌బోష్‌లో 1859లో మొదలైన డచ్ రిఫార్మ్‌డ్ చర్చి వారి విద్యాలయాన్ని ఆ ఊరివారు ఆ పేరుతోనే పిలుస్తారు.

ప్రశ్న: ‘క్వేకర్ హక్కు’ అని మీరు గత సంచికలో ఒక మాట వాడారు. అది పేటెంటు వంటిదేనా? కొత్త బంగాళదుంపకు సొంతదారు ఎలా ఉంటాడు?

జవాబు: పేటెంటుకు దగ్గరి బంధువే గాని పేటెంటు కాదు. కొత్త మొక్కల రకాన్ని తయారుచేసినవాడికి దాని విత్తనాన్ని, నాటే దుంపను, అంటును కొంతకాలం పాటు తానొక్కడే అమ్ముకునే హక్కు ఇది. నెదర్లాండ్స్‌లో 1941 నాటి ఉత్తర్వుతో ఇది మొదలైంది. 1961లో పారిస్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం మీద మొదట సంతకం చేసిన దేశాలలో నెదర్లాండ్స్ కూడా ఉన్నది. రకం కొత్తది కావాలి, ఉన్నవాటికన్నా స్పష్టంగా వేరుగా ఉండాలి, మొక్కలన్నీ ఒకే తీరుగా ఉండాలి, తరాలు మారినా ఆ తీరు చెదరకూడదు. ఐరోపా సమాఖ్యలో ఈ హక్కు సాధారణంగా 25 ఏళ్లు, ద్రాక్షకు, చెట్లకు, బంగాళదుంపకు 30 ఏళ్లు ఉంటుంది. పేటెంటుతో అసలు తేడా ఒక మినహాయింపులో ఉంది: రక్షణలో ఉన్న రకాన్ని ఎవరైనా అనుమతి అడగకుండా తీసుకుని, దానితో సంకరం చేసి మరో కొత్త రకం తీయవచ్చు. ఒకరి నారు మరొకరి నారుకు తల్లి కావడానికి చట్టం తలుపు తెరిచి ఉంచింది. ఈ మినహాయింపే లేకపోతే చిన్న క్వేకర్లు ఎప్పుడో కనుమరుగయ్యేవారని నేను నమ్ముతాను.

చిన్న క్వేకర్లు అన్నాను కాబట్టి ఒక బడిపంతులు గురించి చెబుతాను. ఫ్రీస్‌లాండ్ రాష్ట్రంలో సువామేర్ అనే పల్లెలో క్లాస్ డ ఫ్రీస్ అనే ఉపాధ్యాయుడు బంగాళదుంప పూలను సంకరం చేసి కొత్త రకాలు తీసేవాడు. బంగాళదుంపను దుంప ముక్కతో నాటితే తల్లిలాంటి మొక్కే వస్తుంది. పూవును మరో రకపు పుప్పొడితో కలిపి, చిన్న టమాటా వంటి కాయ కాయించి, అందులోని గింజలు నాటితే మాత్రం ప్రతి గింజ ఒక కొత్త రకమే. వాటిలో చాలావరకు పనికిమాలినవి. ఏళ్ల తరబడి నాటుతూ, ఏరుతూ, పారేస్తూ పోతే చివరకు ఒకటి అర మిగులుతాయి. డ ఫ్రీస్ తన రకాలకు తన పిల్లల పేర్లు పెడుతూ వచ్చాడు. 1905లో చేసిన సంకరం నుంచి ఒక మేలురకం వచ్చేసరికి ఇంట్లో పేర్లు అయిపోయాయి. అప్పుడు తన తరగతిలో చదివిన బింట్యె యాన్స్‌మా అనే బాలిక పేరు దానికి పెట్టాడు. 1910లో వ్యాప్తిలోకి వచ్చిన ‘బింట్యె’ దుంప ఐరోపాలో దశాబ్దాల పాటు రాజ్యమేలింది. బెల్జియంలో వేపుడు ముక్కలకు అదే పేరుబడ్డ దుంప. ఆనాటికి క్వేకర్ హక్కు అనేది లేదు కాబట్టి ఆ ఖ్యాతి నుంచి పంతులుగారికి హక్కుగా రావలసిన రుసుము ఏదీ లేదు. నెదర్లాండ్స్‌లో ఇప్పటికీ రైతులు, ఔత్సాహికులు సొంత స్థలంలో బంగాళదుంప రకాలను ఏరి పరీక్షించి, విత్తన వ్యాపార సంస్థలతో కలిసి పనిచేసే సంప్రదాయం ఉంది. వారిని ‘హాబీ క్వేకర్లు’ అంటారు.

ప్రశ్న: పత్రికలలో ‘క్వేక్ మాంసం’ అని చదువుతున్నాము. ప్రాణంలేని దానికి ఈ మాట ఎలా నప్పుతుంది? మీ నారుమడి సూత్రం ఇక్కడ విరిగిపోవడం లేదా?

జవాబు: కొంత విరుగుతుంది, ఒప్పుకుంటాను. 2013 ఆగస్టు 5న మాస్‌ట్రిఖ్ట్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు మార్క్ పోస్ట్ లండన్‌లో, ఆవు కండర కణాలను ప్రయోగశాలలో వృద్ధి చేసి తయారుచేసిన మొదటి బర్గర్‌ను విలేకరుల ముందు వండించి తినిపించాడు. దానికైన ఖర్చు దాదాపు 2,50,000 యూరోలు. డచ్చిలో దీనికి ‘క్వేక్‌ఫ్లేస్’ అనే పేరు స్థిరపడింది. ‘ఫ్లేస్’ అంటే మాంసం. ఆవు లేకపోయినా కణం సజీవమే, పళ్లెంలో పోషకద్రవంలో దానిని వృద్ధి చేసే పని సూక్ష్మజీవుల ‘క్వేక్’ వంటిదే కాబట్టి మాట తన దారినే నడిచింది. ఇష్టపడనివారు ప్రయోగశాల మాంసం అంటారు, ఇష్టపడేవారు క్వేక్ మాంసం అంటారు. మొదటిది యంత్రాన్ని గుర్తు చేస్తుంది, రెండోది తోటను. పేరులోనే సగం వాదం గెలవవచ్చునని వ్యాపారులకు తెలియనిదేమీ కాదు.

నా సూత్రాన్ని అసలుగా దెబ్బతీసేవి మరికొన్ని ఉన్నాయి. అణుశాస్త్రంలో యురేనియం నుంచి ప్లుటోనియాన్ని ఉత్పత్తి చేసే రియాక్టరును డచ్చివారు ‘క్వేక్‌రియాక్టర్’ అంటారు. జర్మనీ సరిహద్దు ఊరు కాల్కార్‌లో అటువంటిదొకటి కట్టడానికి నెదర్లాండ్స్ కూడా చేయి కలిపి, 1973లో ప్రజల విద్యుత్ బిల్లుల మీద 3 శాతం అదనపు రుసుము వేసింది. తీవ్ర నిరసనలు వచ్చాయి. 1985 నాటికి కట్టడం పూర్తయినా అది ఒక్కరోజు కూడా పనిచేయలేదు. 1991లో పథకాన్ని రద్దు చేశారు. తరువాత దానిని ఒక డచ్చి వ్యాపారి కొని వినోద ఉద్యానంగా మార్చాడు. బాండ్ల మీద రోజురోజుకు పోగయ్యే వడ్డీని ‘క్వేకన్’ చేసిన వడ్డీ అంటారు. ఇతరుల సద్భావాన్ని సంపాదించుకోవడం, శ్రమతో అరచేతిలో కాయలు కాయించుకోవడం కూడా ‘క్వేకనే’. క్రీడాకారులు తయారయ్యే చోటును ‘క్వేక్‌ఫైవర్’ అంటారు, చేపపిల్లల చెరువు అని అర్థం.

ఈనాటి డచ్చి వార్తలలో ‘క్వేకరై’ అన్న మాట తరచుగా కనిపించే సందర్భం మరొకటి ఉంది. పోలీసులు ఇంటి అటక మీదనో గోదాములోనో పట్టుకున్న గంజాయి తోటలు. చిల్లరగా అమ్మకాన్ని చూసీచూడనట్టు వదిలి, పెంపకాన్ని మాత్రం నేరంగా ఉంచిన వింత విధానాన్ని సరిదిద్దే ప్రయత్నంగా, 2023 డిసెంబరులో బ్రేడా, టిల్‌బర్గ్ నగరాలలో అనుమతి పొందిన పెంపకందారుల సరుకుతో ఒక ప్రయోగం మొదలైంది. ఆ చట్టం రాసినవారు అనుమతి పొందినవారిని ‘క్వేకర్’ అనకుండా, పొలంలో పంట తీసేవాడిని సూచించే ‘టేలర్’ అన్నారు. అటక మీది మొక్క క్వేకర్‌ది, చట్టం ఒప్పుకున్న మొక్క టేలర్‌ది.

ప్రశ్న: ఒక్క చిన్న సందేహం. తల్లిదండ్రులు పిల్లలను పెంచడాన్ని కూడా ‘క్వేకన్’ అనవచ్చునా? తెలుగులో పిల్లల పెంపకం, చేపల పెంపకం రెండూ ఒకే మాటతో సరిపోతున్నాయి కదా.

జవాబు: అనకూడదు. అంటే వినేవారు నవ్వుతారు. డచ్చిలో ఇంట్లో పిల్లలను పెంచడం ‘ఖ్రోట్‌బ్రెంగన్’, అంటే పెద్దచేయడం. ఆఫ్రికాన్స్‌లో ‘ఖ్రూట్‌మాక్’, అర్థం అదే. బడిలో ఉపాధ్యాయుడిగా తయారవుతున్న యువకుడు ‘క్వేకెలింగ్’ అయినప్పటికీ, ఇంట్లో కొడుకు కాడు. మీ అనువాదంలో డచ్చి తల్లి తన బిడ్డను ‘క్వేకన్’ చేసినట్టు రాశారంటే, ఆమెకు బిడ్డకు బదులు కుండీలో మొక్కో, చెరువులో చేపో ఉన్నదని అర్థం అవుతుంది.